కలశం ముందు శాస్త్రవేత్త

"మేడమ్, నేను శాస్త్రవేత్తనై పెద్ద పేరు తెచ్చుకుంటే, అప్పుడైనా నన్ను శుభకార్యాలకు ముందుకు రానిస్తారా?" అని శమంత అడిగింది. ఆమె మాణిక్యాంబగారి దగ్గర వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. భర్త పోయాడు. వచ్చే ఆదివారం తమ్ముడి పెళ్ళి. తాళి కట్టేదాకా మేడ మీద గదిలో ఉండమని తల్లి చెప్పింది. డాక్టరేటు వస్తే లోకమే మారుతుందిలే అని ఓదార్చింది కూడా.

ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే అలవాటు మాణిక్యాంబగారికి లేదు. "చింతలూరి వారింట్లో వరలక్ష్మీ వ్రతానికి నన్ను పిలిచారు. నువ్వూ రా" అన్నారు.

వరి తెగుళ్ళ మీద జీవితమంతా పనిచేసి పేరు పొందిన డాక్టర్ వెంకటసుబ్బమ్మ పుట్టిల్లు అది. చిన్న వయసులోనే భర్త పోతే ఆవిడ అక్కడే ఉండి చదువుకుంది. ఆవిడ శతజయంతికి విశ్వవిద్యాలయం ఆవిడ బొమ్మతో బంగారు నాణేలు వేయించి, ఒకటి కుటుంబానికి ఇచ్చింది.

వ్రతానికి ఏటా కొత్తగా బంగారు లక్ష్మీరూపు కొని కలశం ముందు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. కోడలు సత్యవేణి ఈసారి కొనలేదు. బంగారం ధర అలా ఉంది మరి. తమలపాకులో వెంకటసుబ్బమ్మగారి నాణెం పెట్టింది. దాని మీది ఆవిడ బొమ్మ నుదుట కుంకుమ, చుట్టూ చామంతులు. ముత్తయిదువలు వరసగా వచ్చి అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకుంటున్నారు.

"మా పెద్దత్తయ్యే మాకు లక్ష్మి అండీ" అంది సత్యవేణి.

"బతికుండగా వ్రతం రోజున ఆవిడ ఎక్కడ కూర్చునేవారమ్మా?" అని మాణిక్యాంబగారు అడిగారు.

"పెరటి గదిలోనండీ. ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆవిడే తెలుసుకుని వెళ్ళిపోయేవారు. ఎంత సంస్కారమో!"

అంటూనే వరసగా అందరికీ బొట్టు పెట్టుకుంటూ వచ్చిన సత్యవేణి, శమంత బోసి నుదురు చూసి ఆగింది. కుంకుమ భరిణె రెండో చేతిలోకి మార్చుకుంది. "నీకు కాఫీ తెస్తానుండమ్మా" అని లోపలికి వెళ్ళింది.

వీధిలోకి వచ్చాక శమంత అడిగింది. "అయితే పేరు వచ్చినా లాభం లేదంటారా?"

"ఎందుకు లేదు? పూజ చేస్తున్నారుగా" అన్నారు మాణిక్యాంబగారు. "ఆదివారం పెందలాడే వెళ్ళి ముందు వరసలో కుర్చీ చూసుకో. నాణెమయ్యేదాకా ఆగితే భోజనాలు అయిపోతాయి."