తాళం వేసిన తోట, మూత వేసిన గోలెం

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో గట్టు మీద మేడల వీధి, గట్టు కింద గుంట వీధి. పైవాళ్ళ చెత్తంతా బండెక్కి వచ్చి కిందివాళ్ళ వీధి చివర పడేది. కళ్ళు మూసుకో తల్లీ, కథ వినడానికి చెవులు చాలు.

గుంట వీధిలో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ కూతురు చిన్నాలు పురిటికి పుట్టింటికి వచ్చింది. నర్సమ్మ వచ్చి చిన్నాలు కంటి రెప్ప కిందికి లాగి చూసింది. లోపల తెల్లగా పాలిపోయి ఉంది.

"పిల్లకి ఒంట్లో రక్తం లేదు నూకాలూ. మాత్రలు ఇస్తాను. కానీ రోజూ ఆకుకూర పడాలి. లేకపోతే కాన్పు కష్టం" అంది.

కిందటేడు పక్కింటి పైడమ్మ ఇలాగే పాలిపోయి, పురిట్లోనే పోయింది.

మరి ఆకుకూర ఎక్కణ్ణుంచి వస్తుంది? కూరల బండి మేడల వీధంతా తిరిగి గట్టు దిగేసరికి సాయంత్రమయ్యేది. అప్పటికి మిగిలేవి వాడిపోయిన కాడలే.

అప్పుడు నూకాలుకి మేడల వీధి తోట గుర్తొచ్చింది. ఊరి ప్రెసిడెంటు జోగారావు ఊరి బంజరులో వేయించిన తోట అది. 'ఊరందరి తోట, ఊరందరి ఆరోగ్యం' అని గేటు మీద పెద్ద బోర్డు. గేటుకి పెద్ద తాళం.

మొదటిసారి వెళ్ళి పిడికెడు తోటకూర అడిగింది. "పెద్ద ఆఫీసర్లు తోట చూడ్డానికి వస్తున్నారు. మడి బోసిపోతే నాకు మాట వస్తుంది" అన్నాడు జోగారావు.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది. "ఒక్క మడి ఇవ్వండి బాబూ, నేనే విత్తుకుంటాను" అంది. "మడులన్నీ పంచేశాం" అన్నాడు. పంచిన మడుల్లో సగం బంతిపూలే!

మూడోసారి వెళ్ళింది. "మీ తోట మీరే ఉంచుకోండి. కొళాయి గొట్టం మా వీధి దాకా దించండి, చాలు" అంది. జోగారావు నవ్వాడు. "మీకు తోటలెందుకే! శుభ్రంగా ఉండండి, ఆకుకూరలు తినండి. ఆరోగ్యం అదే వస్తుంది."

విన్నావా తల్లీ? తినమని చెప్పడానికి నోరొచ్చింది. పెట్టడానికి చెయ్యి రాలేదు. అలాంటి మంచిమాట తిట్టుకంటే పాపిష్టిది.

నూకాలు ఒళ్ళు మండిపోతూ ఇంటికొచ్చింది. బియ్యం కడిగింది. ఆ కడుగునీళ్ళు పట్టుకుని వీధి చివరికి వెళ్ళింది. అక్కడ ఒక రాతి గోలెం ఉంది. గుంట వీధిలో ప్రతి ఇల్లూ బియ్యం కడుగూ గంజీ అందులోనే పొయ్యాలి. జోగారావు పాలేరు వచ్చి ఆ కుడితి ఆయన గేదెలకి మోసుకుపోయేవాడు. అత్తలు పోశారని కోడళ్ళూ పోసేవారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు నూకాలు చెయ్యి గోలెం మీద ఆగిపోయింది.

"ఒసేయ్, అందరూ ఇలా రండే!" అని కేకేసింది. "మన కుడితి తాగి ఆయన గేదెలు నిగనిగలాడుతున్నాయి. ఆ పాల చుక్క ఎప్పుడైనా గట్టు దిగిందా? ఇవాళ్టి నుంచి ఈ నీళ్ళు మన మొక్కలకే."

"నోరులేని జీవాలు కదా అత్తా, పాపం!" అంది ఒక కోడలు.

"పైడమ్మకి నోరుండేదే! అడిగింది కూడా. ఏం పెట్టారు?"

ఆ తర్వాత ఆడవాళ్ళంతా దారికి అడ్డంగా కూర్చుని చెత్తబండి వెనక్కి తిప్పారు. వీధి చివరున్న చెత్తకుప్పంతా ఎత్తి అవతల పోశారు. వాగు ఒడ్డు నుంచి మంచి మట్టి తట్టలతో ఆ చోటికి మోశారు. తోటకూర చల్లారు, గోంగూర వేశారు, మునగ కొమ్మలు నాటారు. కుడితిలో నీళ్ళు కలిపి మడులకి పోశారు.

తోటకూర కోతకొచ్చింది. కడుపుతో ఉన్నవాళ్ళకి ముందు, బాలింతలకి తర్వాత, మిగిలినవాళ్ళకి ఆపైన. అదీ నూకాలు పెట్టిన కట్టుబాటు. ఆవిడ మొగుడే ఒకనాడు మడి మీద చెయ్యి వేశాడు.

"నీ కడుపులో బిడ్డ ఉందా? ఉంటే కోసుకో" అంది. వీధంతా నవ్వింది. ఆయన మళ్ళీ అటు చూడలేదు.

చిన్నాలు రెప్పల కింద ఎరుపు వచ్చింది. కాన్పు సుఖంగా అయింది. తల్లీ పిల్లా బతికారు.

మరి పైన? కుడితి లేక గేదెల పాలు తగ్గాయి. కాఫీలకి పాలు లేవని మేడల వీధి గొడవపడింది. అప్పుడు, జన్మలో మొదటిసారి, జోగారావు గట్టు దిగి వచ్చాడు.

"భేషుగ్గా ఉంది నూకాలమ్మా! దీన్ని మన తోటలో కలిపేద్దాం. ఇదిగో, బోర్డు కూడా తెచ్చాను. కుడితి మాత్రం ఎప్పటిలాగే..."

"బోర్డు వద్దు బాబూ. గేటు తాళం తీసి తెండి. కొళాయి గొట్టం దించండి. కడుపుతో ఉన్నవాళ్ళకి రోజూ పాలు పంపండి. అప్పుడు మా మడులు తడిశాక మిగిలిన కుడితి మీ గేదెలకి."

జోగారావు కస్సుమన్నాడు, వెళ్ళిపోయాడు. కానీ పాలు పెరగలేదు, మేడల వీధి ఊరుకోలేదు. ఆఖరికి గొట్టం దిగింది. పాలు దిగాయి. తాళం కూడా దిగింది.

నూకాలు గోలెం మీద చెక్కమూత వేసి, ఆ తాళాన్ని దాని మీద బరువు పెట్టింది. మడులు తడిశాకే ఆ బరువు తీసేది.

ఏమిటీ, నూకాలుకి కోపం తగ్గిందా అంటున్నావా? తగ్గలేదమ్మా. ఎందుకు తగ్గాలి? ఆ తాళం ఒక్క ఏడాది ముందు దిగుంటే పైడమ్మ బతికేది.

కథ వెళ్ళింది కంచికి,
నువ్వు చేరావు మంచానికి,
కూర చేరాలి అందరి కంచానికి.