దర్జీ ముడి వేసిన సీసా

పరదేశయ్యగారిని ఎవరేమడిగినా వెంటనే జవాబు రాదు. చేతిలో పని చేసుకుంటూనే ఉంటారు. ఒక్కోసారి ఆ పనే జవాబవుతుంది. శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ మొదలయ్యే చోట ఆయనకు ఎకరం అల్లం తోట ఉంది. పెళ్ళాం పిల్లలున్న మనిషి, కాషాయం కట్టలేదు, తత్వబోధ మాత్రం చేస్తారు. ఏటా అల్లం తవ్వకాలు అయ్యాక ఒక పెద్ద జాడీలో అల్లం బీరు పెడతారు. కుర్రతనంలో కాఫీ తోట దొరల దగ్గర వంట చేసినప్పుడు పట్టుబడిన విద్య అది. గ్లాసుడు తాగితే కళ్ళు కాస్త మెరుస్తాయి, రెండు తాగితే నోరు కాస్త జారుతుంది. గురువన్నాక ఇంట్లో ఈ సీసాలేమిటని సందేహపడే శిష్యులు లేకపోలేదు. వాళ్ళలో అందరికంటే ముందుండేవాడు దర్జీ గౌరినాయుడు.

గౌరినాయుడికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఒకసారి కొలిచిన చొక్కాను రెండోసారి కొలుస్తాడు, ఆ రెండో కొలతనూ నమ్మడు. బట్టల విషయంలో అది మంచి గుణమే. కాపురంలోకి తెచ్చుకున్నాడు, అదీ వచ్చిన చిక్కు. సంతలో గాజులవాడి దగ్గర భార్య అచ్చియ్యమ్మ ఒకసారి గట్టిగా నవ్వింది. ఆ నవ్వు అతని చెవిలోంచి పోలేదు. అప్పటినుంచి వేళకాని వేళ ఇంటికొచ్చి తలుపు తోసేవాడు. ఆమె ట్రంకుపెట్టె అడుగుదాకా వెతికేవాడు. నీళ్ళకెళ్ళిన మనిషి ఎంతసేపటికి తిరిగొచ్చిందో పక్కింటివాళ్ళను అడిగేవాడు. అచ్చియ్యమ్మ ఆరునెలలు ఓర్చుకుంది. ఆ తర్వాత, వచ్చే శుక్రవారం అన్న వచ్చి తీసుకెళ్తాడని, ఇక తిరిగి రానని ఒక్కసారి చెప్పి ఊరుకుంది. పదహారేళ్ళ కాపురం మరి, గౌరినాయుడికి అన్నం సహించలేదు. అయినా అనుమానం మాత్రం అలాగే ఉంది.

గురువుగారి ముందు కూర్చుని అడిగేశాడు. "ఆడదాని మనసులో ఏటుందో కనుక్కునే ఉపాయం ఏదైనా ఉంటే తవరే సెప్పాలి బాబూ. మంచో సెడో తెలిసిపోతే నాకు నెమ్మది."

పరదేశయ్యగారు అప్పుడు జాడీ గుడ్డ విప్పి వడపోస్తున్నారు. పెరుక్కి తోడు వేసినట్టే ఈ బీరుకీ తోడు కావాలి. అల్లం తురుము, పంచదార నీళ్ళలో వేసి, రోజూ చెరో చిటికెడు పెడుతూపోతే వారానికి బుడగలు కడుతుంది. దాన్ని అల్లం కాచి చల్లార్చిన తీపినీళ్ళలో నిమ్మరసంతో కలిపి పదిరోజులు ఉంచారు. ఇప్పుడు సీసాకి ఒక చెంచా పంచదార వేసి, ఒకే జాడీలోంచి రెండు సీసాలు నింపారు. బెండు బిరడాలు బిగించి పురికోసతో కట్టి, ఒకటి అటక మీద పెట్టి, రెండోది గౌరినాయుడి చేతికిచ్చారు.

"తీపి ఉన్నంతకాలం లోపల పొంగుతానే ఉంటాది. మీ ఇంట్లో సీకటి మూల పెట్టు. గురువారం పట్రా, అప్పుడు మాటాడుకుందాం."

బిరడా తియ్యమనీ అనలేదు, తియ్యొద్దనీ అనలేదు.

దారి పొడుగునా గౌరినాయుడికి ఒకటే ఆలోచన. ఇందులో ఏం కలిపారు? మందా, మంత్రమా? ఇల్లు చేరేసరికి అనుమానం గురువుగారి మీదనుంచి భార్య మీదకు మారింది. ఆమె తీస్తే? తాగి నీళ్ళు పోస్తే? వెంటనే దర్జీ సుద్దతో సీసా మీద మట్టం గీత గీశాడు. పురికోస విప్పేసి, ఆ చుట్టుపక్కల ఎవరికీ రాని తన ముడి ఒకటి మిషను దారంతో వేశాడు. తర్వాత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ ముడి విప్పి, బిరడా తీసి, వాసన చూసి, ఇంత అరచేతిలో ఒంపుకుని నాలుకతో పరీక్షించి, మళ్ళీ కట్టేవాడు. మొదటి రెండు రోజులూ సీసా బుస్సుమంది. ఫరవాలేదనుకున్నాడు. మంగళవారానికి ఆ చప్పుడు సన్నబడింది. బుధవారం చూస్తే సుద్దగీతకు రెండు వేళ్ళు దిగువన ఉంది బీరు.

ముడి చూస్తే చెక్కుచెదరలేదు. మరొకడైతే అక్కడితో ఊరుకునేవాడు. గౌరినాయుడు మాత్రం, పదహారేళ్ళుగా మిషను పక్కన కూర్చున్న భార్యకి తన ముడి రాకుండా ఉంటుందా అనుకున్నాడు.

అతను సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడటం అచ్చియ్యమ్మ చూసింది.

"నీ సీసా నాను ముట్టుకోనేదు," అంది. "ముట్టుకున్నానని నువ్వెలాగూ అంటావు. అందుకే ముందుగా సెప్తన్నాను."

అని మళ్ళీ ట్రంకుపెట్టె సర్దుకోసాగింది. చీరలన్నీ పెట్టెలోకి వెళ్తున్నాయి. అతను కుట్టిన రవికలన్నీ మడతపెట్టి మంచం మీదే ఉంచేసింది.

గురువారం పొద్దున్నే సీసా తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"సాచ్చికం ఇదిగో బాబూ. గీత నానే గీసేను. సూడండి ఎక్కడికి దిగిందో. ఆ మనిషి నమ్మదగ్గ మనిషి కాదు."

పరదేశయ్యగారు బిరడా తీశారు. మంచినీళ్ళ సీసాకైనా ఇంకాస్త చప్పుడు ఉంటుంది. తర్వాత అటక మీది సీసా దించి పురికోస తెంపారు. బిరడా లేచి పైకప్పుకి తగిలింది, నురగ ఇద్దరి పంచెల మీదా పడింది.

"నీ సీసా రుచి సూసేవా?" అని అడిగారు పంచె దులుపుకుంటూ.

"రోజుకి రెండుసార్లే బాబూ. రవ్వంత. ఎవరూ ఏటీ కలపనేదని తెలియాల గదా..."

చెబుతూ చెబుతూ గౌరినాయుడు ఆగిపోయాడు. సుద్దగీత వైపు చూశాడు. తన అరచెయ్యి చూసుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మంచం మీద మడతపెట్టి ఉన్న రవికలు కళ్ళముందుకొచ్చాయి, ఏడుపు తన్నుకొచ్చింది.

తన సీసా ముట్టుకుని, "ఇది సచ్చిపోయినట్టేనా బాబూ?" అన్నాడు.

గురువుగారు ఆ చప్పబడ్డ సీసాలోంచి ఒక బొట్టు నాలుక మీద వేసుకున్నారు.

"తీపి ఇంకా ఉంది," అన్నారు. బిరడా బిగించి, మామూలు పురికోసతో మామూలు ముడి వేసి సీసా అతని చేతిలో పెట్టారు. "పట్టుకెళ్ళు."

"రేపే సుక్కురోరం." గౌరినాయుడు సీసాని రెండు చేతులా పట్టుకున్నాడు. "దీన్ని మళ్ళీ ఎప్పుడు తియ్యమంటారు?"

పరదేశయ్యగారు తలెత్తకుండా వడగుడ్డ పిండుకుంటూ అన్నారు.

"గ్లాసులు రెండు పెట్టేక."