ఇత్తడి పండితుడు, నూకాలు పాకం

చుట్టూ చెరకు తోటలతో పచ్చగా ఉండే ఒక రాజ్యం ఉండేది. దాని పేరు ఇక్షుపురి. ఇక్షువు అంటే చెరకే. అక్కడి బెల్లం దిమ్మ పగలగొడితే లోపల తేనె రంగులో మెరిసేదట. ఆ రాజ్యాన్ని ఏలే ఉద్దండవర్మ మంచివాడే. కాకపోతే కొత్త వస్తువు ఏదైనా నచ్చిందంటే, లోకంలోని పనులన్నీ దానితోనే చేయించాలని చూసేవాడు.

ఒక ఏడు, సముద్రం అవతలి నుంచి వచ్చిన శిల్పి ఒకడు ఆయనకు మాట్లాడే ఇత్తడి బొమ్మను కానుకగా ఇచ్చాడు. రాజుగారి గ్రంథాలయంలోని తాళపత్రాలన్నీ ఒక్కొక్కటిగా దానికి చదివి వినిపించారు. ఇక చూడండి, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేది. ఏ జ్వరానికి ఏ కషాయం, ఏ నక్షత్రం ఎప్పుడు పొడుస్తుంది, ఏనుగు కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి, అన్నీ దానికి కంఠస్థమే. నిజంగా అబ్బురపడాల్సిన వస్తువే అది. అది చెప్పిన కషాయంతో రాణిగారికి ఏళ్ళ తరబడి ఉన్న తలనొప్పి కూడా తగ్గింది. రాజుగారు మురిసిపోయి, దానికి తలపాగా చుట్టించి, ఇత్తడి పండితుడని పేరు పెట్టి, సింహాసనం పక్కనే కూర్చోబెట్టుకున్నారు.

అంతటితో ఆగితే మనకు కథే లేదు. రాజుగారు ఒక శాసనం వేయించారు.

"ఏ పనికి మా గ్రంథాలయమందు గ్రంథము కలదో, ఆ పని ఇకమీదట ఇత్తడి పండితుడు చెప్పినట్టే జరుగవలెను. ఆ పనికి వేరే నిపుణులు అక్కరలేదు."

ఈ శాసనం అందరికన్నా ముందు నూకాలుకు తగిలింది. రాజుగారి గానుగ దగ్గర బెల్లం పాకం చూసేది ఆమే. పాకం చూడడమంటే ఏమిటో చెబుతాను. చెరకు రసాన్ని పెద్ద పెనంలో పోసి కాస్తారు. ముందుగా దించితే బెల్లం గట్టిపడదు. ఆలస్యంగా దించితే మాడి నల్లబడుతుంది. ఆ రెంటికీ మధ్య ఉండేది కాసేపే. దాన్ని పట్టుకోవడానికి నూకాలు తెడ్డుతో కొంచెం పాకం తీసి, చన్నీళ్ళ ముంతలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసేది. ఆమె "దించండి" అన్నాకే పెనం దిగేది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క పెనం కూడా చెడలేదు.

"బెల్లం వంటకు గ్రంథం ఉందిగా. నూకాలును ఇంటికి పంపేయండి" అన్నారు రాజుగారు.

పండితుడు చెప్పినట్టే లెక్కగా మూడు ఘడియలు కాచి అచ్చుల్లో పోశారు. తెల్లవారినా బెల్లం జావలా జారుతూనే ఉంది. ఆ ఏడు వానలు ఎక్కువ, అందుకని చెరకులో నీరూ ఎక్కువే. ఎప్పుడో గ్రంథం రాసిన ఆయనకు ఈ ఏటి వానల సంగతి ఎలా తెలుస్తుంది? గానుగవాళ్ళు ఆ మాటే చెప్పబోతే రాజుగారు వినిపించుకోలేదు.

"పండితుడు తప్పు చెప్పడు. మంట పెట్టడం మీకే చేతకాలేదు" అని గానుగవాళ్ళను కసిరారు. మర్నాడు ఇంకో మూడు పెనాలు అలాగే పోయాయి.

నూకాలు తిన్నగా సింగన ఇంటికి వెళ్ళింది. సింగన కొలువులో రాజుగారిని నవ్వించే చతురుడు.

"బాబూ, నా కొలువు పోతే పోనీండి. ఊరి చెరకంతా కోతకొచ్చీసింది. ఇంకో పది రోజులు ఇలాగే అయితే ఏడాది పంట మట్టిపాలే. తమరు చెప్తే రాజుగారు ఇంటారు కదా" అంది.

"వినరమ్మా. నేనేం చెప్పినా నవ్వి ఊరుకుంటారు. ఆయన నమ్మేది ఆయన మాట ఒక్కటే. అందుకని ఆయన చేతే చెప్పిద్దాం. ముందు నువ్వు పాకం ఎలా చూస్తావో నాకు వివరంగా చెప్పు" అన్నాడు సింగన.

మర్నాడు నిండు సభలోకి నూకాలును వెంటబెట్టుకుని వచ్చాడు. వస్తూనే ఇత్తడి పండితుడికి వంగి దండం పెట్టాడు.

"ఏమయ్యోయ్, నేను ఇక్కడ కూర్చున్నాను" అన్నారు రాజుగారు.

"తమ శాసనం చదివినప్పటి నుంచీ ఎవరికి పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాను ప్రభూ. పండితులవారిని రెండు ప్రశ్నలు అడగనిస్తే తేలిపోతుంది."

"అడుగు."

"పండితోత్తమా, మన గ్రంథాలయంలో ఏ పని గురించి ఎక్కువ గ్రంథాలున్నాయి?"

"రాజ్యపాలన గురించి. నాలుగు వందల పన్నెండు" అంది బొమ్మ టక్కున.

"బెల్లం వంట గురించో?"

"ఒక్కటి. అందులో మూడు ఆకులు చెదలు తినేశాయి."

సింగన చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, చెదలు తినగా మిగిలిన ఒక్క గ్రంథానికే నూకాలు ఇంటికి వెళ్ళిపోయింది. నాలుగు వందల పన్నెండు ఉన్నవారు ఎప్పుడు బయలుదేరుతారో సెలవిస్తే పల్లకీ సిద్ధం చేయిస్తాను."

సభంతా తలలు వంచుకుంది. రాజుగారి ముఖం కందిపోయింది.

"నోరు జాగ్రత్త సింగనా. రాజ్యం ఏలడం పుస్తకం చదివితే వస్తుందా? మొన్న ఒక ఎద్దు నాదంటే నాదని ఇద్దరు వచ్చారు. ఇద్దరి వాదనా శాస్త్రానికి సరిపోయింది. తీర్పు ఎలా చెప్పాననుకున్నావు?"

"తమరే చెప్పాలి ప్రభూ."

"ఎద్దును ఇక్కడికే తోలించాను. ఒకడు వస్తూనే పలుపు పట్టుకున్నాడు. రెండోవాడు దాని మెడ మీది పుండుపై ముసిరిన ఈగలను తోలాడు. నాకు అది చాలింది. ఏ గ్రంథంలో ఉందయ్యా ఇది? గ్రంథం దారి చూపిస్తుంది, కాదనను. కానీ ఎదురుగా ఉన్నది ఏమిటో, ఆ పూట అది ఎలా ఉందో కళ్ళతో చూసి తేల్చుకోవాలి. ఏళ్ళ తరబడి చేస్తేనే వస్తుంది ఆ చూపు."

సింగన వెనక్కి తిరిగాడు. "విన్నావా నూకాలూ? నిన్న నువ్వు పాకం గురించి నాకు చెప్పిన మాటలు రాజుగారు ఒక్కటీ వదలకుండా చెప్పేశారు."

రాజుగారు ఒకసారి నూకాలు వంక, ఒకసారి సింగన వంక చూశారు. ముందు మీసం కదిలింది. తరువాత భుజాలు కదిలాయి. ఆ పైన ఆపుకోలేక పకపకా నవ్వేశారు.

"నా శాసనాన్ని నా నోటితోనే కొట్టేయించావు కదయ్యా" అంటూ మెడలోని ముత్యాలహారం తీసి సింగన మెడలో వేశారు. "నూకాలూ, ఈ పూటే గానుగకు వెళ్ళు. సింగనా, ఇంకేమైనా కావాలంటే కోరుకో."

"ఈ పండితుణ్ణి మాత్రం అటక ఎక్కించకండి ప్రభూ. అన్ని తాళపత్రాలు గుర్తుపెట్టుకునే బుర్ర మనలో ఎవరికీ లేదు. ఒక్క మాట నేర్పించండి చాలు. 'తెలియదు' అనే మాట."

రాజుగారు ఇంకా గట్టిగా నవ్వారు. "మా ఆస్థానంలో ఆ మాట ఎవరికి వచ్చు? నేర్పేదెవరు?"

"నాను నేర్పుతాను బాబయ్యా" అంది నూకాలు. "ఈయాల పెనం ఎప్పుడు దిగుతాదో నాకు తెలీదు. ముప్పై ఏళ్ళ నుంచీ ఏ పూటా తెలీదు. అందుకే పెతీసారీ సూసుకుంటాను."

రాజుగారు నవ్వుతూనే సింహాసనం దిగి వచ్చి, నూకాలును ఇత్తడి పండితుడికి గురువుగా నియమించారు. గురుదక్షిణ కింద ఒక చెరకు మడి ఆమె పేర రాసిచ్చారు.