ఒక్క దొప్ప

పిల్లలూ, దిక్కులు చూడకుండా వినండి.

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవి నిండా ఇప్పచెట్లే. అక్కడ ఎలుగుబంట్ల గుంపు ఒకటి ఉండేది. ఎండాకాలంలో ఇప్పపూలు రాలి, ఊటనీళ్లున్న ఒక బండగుంటలో పడేవి. అవి నాని, పులిసి, ఆ నీళ్లు మత్తెక్కించేవి.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. పిల్ల కాస్త ఎదగగానే తండ్రే మోదుగాకుతో చిన్న దొప్ప కుట్టి, ఆ గుంటలో ముంచి ఇవ్వాలి. అది తాగినవాళ్లే తేనెపట్టులుండే తేనెకొండ ఎక్కాలి.

కొర్రి అప్పటికి చిన్న పిల్ల. దాని అన్న సామడి వంతు వచ్చింది.

"నాన్నా, అన్న ఇంకా పిల్లాడే కదా?" అంది కొర్రి.

"ఎక్కడో చాటుగా తాగి చెడేదానికంటే నా కళ్లముందు తాగనీ అమ్మీ. ఒక్క దొప్పే కదా!" అన్నాడు తండ్రి ఊదయ్య.

సామడు మొహం చిట్లించుకుని తాగాడు. గుంపంతా చప్పట్లు కొట్టింది.

మరుసటి ఏడు సామడు మోదుగాకు వదిలేసి టేకాకుతో దొప్ప కుట్టుకున్నాడు. టేకాకు చేటంత ఉంటుంది.

"అదేం దొప్ప అన్నా? నా తల పట్టేట్టుంది!" అంది కొర్రి.

"నీకెందుకే? ఒక్క దొప్పే కదా!" అన్నాడు సామడు.

మూడో ఏడు దొప్పే లేదు. మూతి గుంటలోనే పెట్టేశాడు. పూలకాలం అయిపోయినా ఆగలేదు. ఎండుపూలు దాచుకుని నానేసుకున్నాడు. అడిగితే మూతి తుడుచుకుని అదే జవాబు: "ఒక్క దొప్పే తాగానే!"

మాట మారలేదు. దొప్పే పెరిగింది.

ఇంకో ఏడాది తిరిగింది. సామడు నిండు వయసుకు వచ్చాడు. పొద్దున్నే తాగకపోతే వాడి పంజాలు వణికేవి. తేనె దించే రోజు వణుకుతూనే కొండ ఎక్కాడు. సగంలో పట్టు జారింది. దబ్బున కిందపడి వెనకకాలు విరగ్గొట్టుకున్నాడు.

ఇంత జరిగినా ఆచారం ఆగిందా? ఆగలేదు. వారం తిరక్కుండానే కొర్రి వంతు వచ్చింది. ఊదయ్య దొప్ప ముంచి చాచాడు. కూతురి కళ్లలోకి మాత్రం చూడలేదు.

"తాగను," అంది కొర్రి.

చెట్టుమీద కొండముచ్చు కిచకిచ నవ్వింది. "పాపాయికి ఉగ్గుగిన్నె తెండర్రా!"

"తీసుకురా. ఉగ్గయినా తాగుతాను, ఇది తాగను."

"తాగకపోతే తేనెకొండ ఎక్కనివ్వరమ్మీ," అన్నాడు ఊదయ్య మెల్లగా.

"ఎవరు ఆపుతారు నాన్నా? తాగినవాడు పొదలో కాలు విరిగి పడున్నాడు. తాగనిదాన్ని నేను ఎక్కుతున్నాను. కళ్లారా చూడండి!"

కొర్రి వెనక్కి చూడకుండా కొండ పట్టుకుంది. ఒక్కొక్క రాయీ తడిమి, బిగించి పట్టుకుని ఎక్కింది. తేనెటీగలు ముసిరాయి. ముక్కుమీద కుట్టాయి. పంజా మాత్రం వణకలేదు. తేనెపట్టు నోట కరుచుకుని దిగి తండ్రి ముందు పెట్టింది. కొండముచ్చు కొమ్మ చాటుకు తప్పుకుంది.

కొర్రి తండ్రి చేతిలోని దొప్ప లాక్కుని నేలమీద ఒంపేసింది. వాగులో కడిగి, మంచినీళ్లు పట్టి, సామడి దగ్గరకు తీసుకెళ్లింది.

"నా దొప్ప తెచ్చావా చెల్లీ?" సామడు ఆశగా పంజా చాచాడు. చూసి నివ్వెరపోయాడు. "ఇంత చిన్నదేంటే?"

"నీ మొదటి దొప్ప ఇంతే అన్నా."

సామడు దాన్ని రెండు పంజాలతో అందుకున్నాడు. వణుకుతున్న పంజాల్లో సగం నీళ్లు ఒలికిపోయాయి. మిగిలిన సగం తాగాడు.

"రేపూ ఇందులోనే తే," అన్నాడు. "నేను ఏడ్చి గోల చేసినా సరే, ఇందులోనే తే."

అంతలో వెనక ధన్‌మని చప్పుడైంది. ఊదయ్య ఒక బండరాయిని ఆ ఇప్పపూల గుంటలోకి దొర్లించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొర్రి వెళ్లి రెండో రాయికి భుజం పెట్టింది.

నీతి: లేత వయసులో "ఒక్కటే కదా" అని అందుకున్న దొప్ప మీతోపాటే పెరుగుతుంది, ఇచ్చేది కన్నతండ్రి అయినా సరే, తల ఎత్తి "తాగను" అనండి.