ఇరవై సెకన్ల ఆలస్యం

ఒక పాల డెయిరీ ప్రధాన కార్యాలయంలో త్రివిక్రమ్ అనే కంప్యూటర్ నిపుణుడు ఉండేవాడు. పనిలో దిట్టే గాని, ఎవరేం చెప్పినా సగం విని మరమ్మతు మొదలుపెట్టేసేవాడు.

ఆ డెయిరీకి చుట్టుపక్కల ఊళ్లలో పదకొండు పాల శీతలీకరణ కేంద్రాలు ఉండేవి. వాటి కంప్యూటర్లన్నిటినీ డెయిరీ సొంత నెట్‌వర్క్ కలిపేది. కార్యాలయంలోని ఒక ప్రోగ్రాం గంటకోసారి ప్రతి కేంద్రంలోకీ లాగిన్ అయి, పాల ట్యాంకు చల్లదనాన్ని సరిచేసేది.

ఒక గురువారం ఉదయం ఆ పని ఆగిపోయింది. లాగిన్ కావడానికి చాలాసేపు పడుతోంది. ప్రోగ్రాం పది సెకన్లకు మించి ఆగదు. అందుకని లోపలికి వెళ్లకుండానే వెనక్కి వచ్చేస్తోంది.

పుంగనూరు కేంద్రం చూసే ఖమరున్నీసా ఫోన్ చేసింది.

"సార్, ట్యాంకులో రెండువేల లీటర్ల పాలున్నాయి. పక్కనే నిలబడి చేత్తో మెషిన్ వేస్తా, ఆపుతా ఉన్నాను. పన్నెండింటికి మా చెల్లెలి నిఖా. నేను ఇక్కడినుంచి కదల్లేకుండా ఉన్నాను. నేనొకటి గమనించాను సార్..."

"కేబుల్ పోయుంటుందమ్మా! ఇప్పుడే మార్చేస్తా" అని త్రివిక్రమ్ ఫోన్ పెట్టేశాడు.

కేబుల్ మార్చాడు. లాభం లేదు. రౌటర్ మార్చాడు. ఆ కంగారులో ఒక వైరు తప్పు చోట గుచ్చాడు. దాంతో అప్పటిదాకా నెమ్మదిగానైనా నడుస్తున్న నెట్‌వర్క్ పూర్తిగా పడిపోయింది. పదకొండు కేంద్రాల నుంచీ ఫోన్లు మోగాయి.

వైరు సంగతి కనిపెట్టి, మళ్లీ మొదటి స్థితికి తెచ్చేసరికి పదిన్నర అయింది. త్రివిక్రమ్‌కి సిగ్గేసింది. ఈసారి తనే పుంగనూరుకు ఫోన్ చేశాడు.

"పొద్దున ఏదో చెప్పబోయారమ్మా. నేను వినలేదు. ఇప్పుడు చెప్పండి."

"పక్క కేంద్రంలోకి ఆరుసార్లు లాగిన్ అయి చూశాను సార్, గడియారం పెట్టుకుని. ప్రతిసారీ సరిగ్గా ఇరవై సెకన్లు. లోపలికి వెళ్లాక మాత్రం చకచకా పనిచేస్తోంది. వైరు పాడైతే ఒకసారి ఐదు, ఒకసారి యాభై పట్టాల కదా?"

"నిజమే! మరి మీకేమనిపిస్తోంది?"

"మా గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు కదా. కొత్త లారీ వస్తే, ఇదెవరిదని ఆఫీసుకు ఫోన్ చేస్తాడు. ఎవరూ ఎత్తకపోతే కాసేపు చూసి గేటు తీసేస్తాడు. ఇదీ అట్లే ఉంది. ఎవరినో అడిగి, జవాబు రాక ఊరుకుంటోంది."

త్రివిక్రమ్ కుర్చీలోంచి లేచాడు. "అయ్యో! ఈ పొద్దున రాగానే ఇక్కడ మూలనున్న పాత కంప్యూటర్‌ని తీసేసింది నేనే!"

నెట్‌వర్క్‌లోని యంత్రాల పేర్ల పట్టిక అందులోనే ఉండేది. ఎవరు లాగిన్ అవబోయినా, వచ్చిందెవరని కేంద్రాలు దాన్నే అడిగేవి. ఇప్పుడు అక్కడ లేని కంప్యూటర్ జవాబు కోసం ఇరవై సెకన్లు ఎదురుచూస్తున్నాయి.

అతను ఆ పట్టికను కొత్త కంప్యూటర్లో పెట్టి, దానికి పాతదాని చిరునామానే ఇచ్చాడు. లాగిన్ అయి చూశాడు. రెప్పపాటులో లోపల ఉన్నాడు! పదకొండు ట్యాంకుల చల్లదనమూ తెరమీద వరసగా కనబడింది. ఒక్క లీటరు పాలు కూడా చెడిపోలేదు.

"ఇక బయల్దేరండమ్మా!" అని ఫోన్లో అరిచాడు.

"మీరూ రావాల సార్. బిరియానీ చల్లారకముందే!" అంది ఖమరున్నీసా నవ్వుతూ.

ఆమె నిఖాకు ఐదు నిమిషాల ముందే చేరింది. త్రివిక్రమ్ భోజనాల వేళకు పాలకోవా పెట్టెతో వచ్చాడు. అక్కడ అందరికీ వినబడేలా, "ఇవాళ నెట్‌వర్క్ బాగుచేసింది నేను కాదు, ఈవిడే" అన్నాడు. "నా పెళ్లిలో కూడా కంప్యూటర్ మాటలేనా?" అని పెళ్లికూతురు విసుక్కుంటే పందిరంతా నవ్వులే. ఖమరున్నీసా అతని పళ్లెంలో ఇంకో గరిటె బిరియానీ వడ్డించింది.

నీతి: కారణం తెలియకుండా మరమ్మతుకు దిగితే చిక్కు పెరుగుతుంది, దగ్గరుండి గమనించినవాళ్ల మాట పూర్తిగా వింటే దారి దొరుకుతుంది.