గంగులు గారి తల వెనక గీత

శిష్యులు ఏమడిగినా పేరయ్య గారు అప్పటికప్పుడు జవాబు చెప్పేవారు కాదు. "రేపు రారా" అనేవారు. పొద్దున సెలూన్లో కత్తెర, సాయంత్రం అరుగు మీద సన్నాయి. రెండు విద్యల్లోనూ గోదావరికి ఇటువైపు ఆయనదే పైచెయ్యని పేరు.

ఆ ఏడు రథోత్సవంలో రథం ముందు నడుస్తూ సన్నాయి వాయించే గౌరవం ఆయన తన దగ్గర రెండు విద్యలూ నేర్చుకుంటున్న త్రినాథ్‌కి ఇచ్చారు. పాతికేళ్ళ త్రినాథ్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. కళ్ళు మూసుకుంటే పూలకొట్టు మేడ మీద నిలబడి తననే చూస్తున్న రేవతి కనిపించేది. కళ్ళు తెరిస్తే అద్దంలో తన నుదురు కనిపించేది. ఏటికేడు అది వెనక్కి జరుగుతోంది. ఇప్పుడు జుట్టు నాటిస్తే ఉగాదికి మొలుస్తుంది, అప్పుడు రేవతి ఇంటికి మాట పంపొచ్చు. అలా లెక్క వేసుకుని పట్నం ఆస్పత్రిలో సోమవారానికి ఆపరేషన్ ఖాయం చేసుకున్నాడు. రెండు వారాలు ఊపిరి బిగబట్టే పని చెయ్యొద్దన్నాడు డాక్టరు. రథోత్సవం సరిగ్గా ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజున. 'ఆ, తలపాగా చుట్టుకుని వాయించేస్తే ఎవరికి తెలుస్తుందిలే' అనుకున్నాడు.

అయినా మనసు ఊరుకోక గురువునడిగాడు.

"పోయిన జుట్టు నాటించుకుంటే తప్పా, గురువుగారూ?"

పేరయ్య గారు తన నున్నటి తల నిమురుకున్నారు. "రేపు తెల్లారి రా. కత్తెర నూరుకుని రా."

తెల్లవారి వెళ్ళేసరికి సెలూన్ షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల కుర్చీలో డోలు విద్వాంసుడు గంగులు గారు. వెనక్కి దువ్విన ఆయన జుట్టంటే ఊళ్ళో అందరికీ మోజే.

"ఇవాళ నువ్వు కత్తిరించు" అని గురువు పక్కకి తప్పుకున్నారు.

త్రినాథ్ వెనక జుట్టు పైకెత్తాడు. చెయ్యి ఆగిపోయింది. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెల్లటి మచ్చ, వేలంత వెడల్పు. కంగారులో దువ్వెన పళ్ళు గట్టిగా గుచ్చుకున్నాయి. ఆయన కదల్లేదు.

"గుచ్చినా తెలీదురా అబ్బాయ్, అక్కడ స్పర్శ పోయి పదకొండేళ్ళు" అని నవ్వారు గంగులు గారు. "వెనకనించి చర్మం పట్టీలా కోసి, ఆ జుట్టు ముందు నాటారు. డాక్టరు తప్పేం లేదు, కదలొద్దనే చెప్పాడు. పదో రోజున నేనే ఒక పెళ్ళిలో డోలు తగిలించుకున్నా. ఊపు మీదున్నప్పుడు మెడ మీద తడి తగిలింది. చెమటనుకున్నా."

త్రినాథ్ దువ్వెన వెనక్కి తీశాడు.

"చీము పట్టింది. రెండు నెలలు డోలు ముట్టుకోలేదు. నాటినవాటిలో సగం నిలిచాయి. వాటి వెనకున్న నా సొంత జుట్టు మాత్రం దాని దారిన అది పోయింది. ముందు తోట, వెనక బీడు! ఆ బీడునీ, ఈ మచ్చనీ కప్పేది మీ గురువు చెయ్యే. ఈ తల ఆయన చూపించమన్నాడు గనక చూపిస్తున్నా. ఇంకొకడైతే డోలు పుల్లతో ఒకటిచ్చేవాణ్ణి. ఊఁ, కానీ!"

త్రినాథ్ కత్తెర అందుకున్నాడు. మచ్చ మీదికి ఒక పొర, దాని కింద ఇంకో పొర. రాగం ఆలాపన చేసినంత నెమ్మదిగా కత్తెర నడిపాడు. గురువు దూరం నుంచే చూస్తున్నారు. అంతా అయ్యాక వెనక అద్దం పట్టాడు. గంగులు గారు తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. గీత జాడ లేదు.

"పేరయ్యా, నీ చెయ్యే అనుకున్నానయ్యా!" అంటూ లేచి, షట్టరు తనే బర్రున పైకెత్తి, తలెత్తుకుని బజార్లోకి నడిచారు. ఎదురు టీకొట్టు దగ్గరున్నవాళ్ళు ఆ జుట్టు వైపే చూస్తూ నమస్కారం పెట్టారు. త్రినాథ్ గుండె సన్నాయి పట్టినప్పటిలా పొంగింది. తన జుట్టు ఒత్తుగా ఉన్న రోజుల్లో కూడా ఇంత గర్వం అతనికి తెలీదు.

కాసేపటికి సోమవారం గుర్తొచ్చింది.

"ఇంతకీ సోమవారం ఆపరేషన్‌కి నన్ను వెళ్ళమంటారా, వద్దంటారా గురువుగారూ?"

పేరయ్య గారు కింద పడ్డ వెంట్రుకలు ఊడుస్తూ అన్నారు. "నీ తల నీ ఇష్టం. ఆ గీతని దాచగల చేతులు ఈ ఊళ్ళో రెండు జతలే. నావి వణకడం మొదలెట్టాయి. రెండోవి ఇవాళ చూశాను. కత్తెర పట్టుకుని నీ తల వెనక నువ్వే నిలబడలేవు గదరా."