మానని గోడ

ఒక పట్నంలో ఒక కావలివాడు ఉండేవాడు. ఆ పట్నం నడిబొడ్డున ఒక నగారా రాత్రింబవళ్ళు మోగుతూ ఉంటుంది. దాని దరువుకే ఎర్రనీళ్ళు కాలువల వెంట నడిచి ప్రతి గడపకీ చేరతాయి. నీళ్ళు అందినంతకాలం అక్కడ అందరూ క్షేమం.

కావలివాళ్ళకి రెండు పనులు. భుజాన గునపం, నడుముకి తాపీ. దొంగచాటుగా చొరబడ్డవాడు కనిపిస్తే గునపం. కుళ్ళిన కొంప కనిపించినా గునపమే. పాపం ఎవరిదో గోడ కూలిందంటే మాత్రం తాపీ తీస్తాడు, ఇక వాడంత మెత్తని మనిషి ఉండడు. కాలువ తవ్వి నీళ్ళు మళ్ళిస్తాడు, మట్టి కలుపుతాడు, పచ్చిగోడ ఆరేదాకా సైనికుల్ని ఆ వీధిలోకి రానివ్వడు. వాళ్ళ తొక్కిడికి పచ్చిగోడ నిలవదు మరి. కావలివాడు చెయ్యెత్తితే వాళ్ళ దళవాయైనా వెనుదిరగాల్సిందే. మంచి ఆచారమే, కాదనను. మంచిది కాబట్టే ఇంత కొంప మునిగింది.

ఓ రోజు గస్తీ తిరుగుతుంటే సందు మలుపులో ఒక ఇల్లు కనిపించింది. మొన్నటిదాకా ఇక్కడ ఇల్లుందా? గుర్తు రాలేదు. చెయ్యి గునపం మీదికి పోయింది. కానీ గడపకి పసుపు ఉంది. పసుపు రాసిన గడప మనవాళ్ళది, దాని జోలికి పోకూడదు. మిగతా గడపలకి చిటికెడు పసుపుంటే దీనికి అరచేతి మందాన పట్టించారు. ఇంత పసుపు దేనికమ్మా అని అడగొచ్చుగా? అడగలేదు మహానుభావుడు.

ఇంటామె కొంగుతో చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది. "సమయానికొచ్చావు తమ్ముడూ. మా పక్కగోడ కూలిపోయింది చూడు, దిక్కు తోచక నిలబడ్డాను."

నిజంగానే కూలింది. వాడి మనసు కరిగిపోయింది. గునపం పక్కన పెట్టి తాపీ తీశాడు.

గోడ లేచింది. మర్నాడు చూస్తే అవతలి గోడ కూలింది. అదీ లేపాడు. వెనకగోడ కూలింది. ప్రతిసారీ ఇల్లు ఒక గది పెరుగుతోంది, ప్రతిసారీ ఇంకాస్త నీళ్ళు కావాల్సి వస్తోంది. "నీ చేతిలో ఏదో మహిమ ఉంది తమ్ముడూ," అనేది ఇంటామె మజ్జిగ గ్లాసు అందిస్తూ. ఆ మాటకి పొంగిపోయి వాడు ఇంకో పాయ తవ్వేవాడు.

ఒకనాడు దళవాయి సైనికులతో మళ్ళీ వచ్చాడు. "ఈ ఇంటి వాలకం నాకేం నచ్చలేదు. తప్పుకో, లోపల చూడాలి."

"పచ్చిగోడండీ. వెనక్కెళ్ళండి."

"పోయినసారీ ఇదే చెప్పావు."

"అది వేరే గోడండీ."

దళవాయి పళ్ళు నూరాడు. ఏం చేస్తాడు? కావలివాడి చెయ్యి ఎత్తినట్టే ఉంది. వెళ్ళిపోయాడు. ఇన్నిసార్లు వచ్చి పోయి సైనికులకీ విసుగు పుట్టింది. కొందరు ఈటెలు చెట్టుకి ఆనించి అక్కడే కునుకు తీశారు.

దిగువ వీధిలో కావలివాడి చెల్లెలుంది, పసిబిడ్డ తల్లి. ఒక పొద్దున ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"అన్నయ్యా, మా కాలువలో తడి కూడా లేదు. నాకు పాలు పడటం లేదు. పిల్ల ఏడవడం మానేసింది. నాకు భయమేస్తోంది."

వాడు తాపీ ఆపలేదు. "ఈ ఒక్క గోడా అయిపోనీ అమ్మా."

"అసలు ఈ ఇల్లెవరిది? ఇన్ని నీళ్ళు తాగుతున్నారే, లోపల ఎంతమంది ఉన్నారు?"

వాడికీ తెలియదు. సిగ్గుచేటు కాదూ? ఇన్నాళ్ళూ గోడలు కట్టాడే కానీ ఒక్కనాడూ లోపలికి తొంగిచూడలేదు.

గోడ పగుల్లోంచి లోపలికి చూశాడు. ఇంటామె కుచ్చిళ్ళు ఎగదోపి గోడని కాలితో తన్నుతోంది. నిన్న వాడు కట్టిన గోడ. అది ధబీమని బయటికి పడింది. "తమ్ముడూ," అని కేకేసింది తియ్యగా, "మళ్ళీ కూలిందయ్యా!"

వాడికి ఒళ్ళు మండిపోయింది. గునపం అందుకుని లోపలికి ఉరికాడు.

లోపల గది వెనక గది. ఆవిడ తాలూకు జనం కిక్కిరిసి ఉంటారనుకున్నాడు. వాళ్ళు పట్టుమని గుప్పెడు మంది లేరు. మిగతా అంతా కావలివాళ్ళే! తూర్పు వీధి వాడున్నాడు, కోట గుమ్మం వాడున్నాడు, ఎప్పుడో తప్పిపోయాడని అందరూ అనుకున్న ముసలి కావలివాడూ ఉన్నాడు. మోచేతులదాకా మట్టి. ఎవడి గోడ వాడు కడుతున్నాడు.

"వచ్చావా," అన్నాడు ముసలివాడు తలెత్తకుండా. "నీళ్ళు చాలటం లేదు. దిగువ కాలువ ఇంకొంచెం ఇటు తిప్పు."

వాడికి ఏడుపొచ్చింది. "దిగువన ఇంకేం మిగల్లేదు మామా! ఆవిడే తన్ని కూలుస్తోంది, నా కళ్ళతో చూశాను. మనం పెంచి పెడుతున్నాం. లేవండి!"

ఎవరూ కదల్లేదు. వాడు గునపం ఎత్తి ఎదురుగా ఉన్న గోడని ఒక్క పోటు పొడిచాడు.

"గోడ పడగొడుతున్నాడు!" అని అరిచింది ఇంటామె. "పట్టుకోండి తమ్ముళ్ళూ!"

తాపీలు కింద పడ్డాయి. అందరూ గునపాలు తీసి వాడి చుట్టూ మూగారు. గోడ పడగొట్టేవాణ్ణి చూస్తే కావలివాడు ఊరుకోడు. బుద్ధి తెలిసినప్పటినుంచీ వాళ్ళు నేర్చుకున్నది అదే.

"కొట్టేముందు ఒక్కటి చెప్పండి," అన్నాడు వాడు. "ఈ ఇల్లెవరిది?"

ముసలివాడు ఇంటామె వంక చూశాడు. గోడలో పడ్డ కంత వంక చూశాడు. గునపాలు గాలిలోనే ఉన్నాయి.

బయట చెల్లెలు బిందె కింద పెట్టి గోడకి చెవి ఆనించింది. లోపల దెబ్బ పడింది. దేనిమీద పడిందో ఆమెకి తెలియలేదు. తడి మట్టి మీద పడినా, మనిషి ఒంటి మీద పడినా చప్పుడు ఒకేలా మెత్తగా ఉంటుంది. రెండో దెబ్బ కోసం ఊపిరి బిగబట్టి నిలబడింది.